నిల్వ సరుకుల్లో రెక్కల పురుగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం దీపం వెలిగించగానే వంటింట్లో చిన్న చిన్న రెక్కల పురుగులు వంకర టింకరగా ఎగురుతూ కనిపిస్తే, కిటికీలోంచి వచ్చాయనుకుని చేత్తో కొట్టి ఊరుకునేవారే ఎక్కువ. నాలుగు రోజులు గడిచేసరికి మళ్లీ అవే కనిపిస్తాయి. చాలా సందర్భాల్లో అవి బయటి నుంచి వచ్చినవి కావు, అలమరలోని ఏదో ఒక పాకెట్లో పుట్టి పెరిగినవి. ఆ పాకెట్‌ను పట్టుకోనంతవరకు మిగతా ప్రయత్నాలేవీ ఫలించవు కాబట్టి, కింది జవాబులలో ఎక్కువ భాగం దానిని వెతకడం గురించి, అది మళ్లీ ఏర్పడకుండా చూసుకోవడం గురించే ఉంటుంది.

ఇవి సరుకుల్లో పుట్టే పురుగులేనని ఎలా గుర్తుపట్టాలి?

ఇళ్లలో తరచుగా కనిపించే జాతి పేరు ప్లోడియా ఇంటర్‌పంక్టెల్లా. వాలి ఉన్నప్పుడు దీని పొడవు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది, రెక్కలు పూర్తిగా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు 16 నుంచి 20 మిల్లీమీటర్లు వస్తుంది. పగటిపూట గోడ మీద రెక్కలు ముడుచుకుని కదలకుండా కూర్చుంటుంది. అప్పుడు దగ్గరగా వెళ్లి చూస్తే రెక్కల మీద రెండు రంగులు గీత గీసినట్టు వేరుగా కనిపిస్తాయి: తల వైపు మూడో వంతు బూడిద కలిసిన తెలుపు, తక్కిన భాగమంతా ముదురు రాగి రంగు. వేలితో నలిపితే ఆ రాగి రంగు పొలుసులు పొడిలా వేలికి అంటుకుంటాయి. ముసలి పురుగులకు ఈ పొలుసులు రాలిపోయి రెక్కలు ఒకే రంగులో కనిపించవచ్చు కాబట్టి, ఒక్క పురుగును చూసి నిర్ణయానికి రాకుండా రెండు మూడింటిని చూడటం మంచిది.

మరికొన్ని జాతులు కూడా సరుకులను ఆశిస్తాయి. ఎఫెస్టియా కుహ్నియెల్లా అనే పిండి పురుగు బూడిద రంగులో ఉండి, రెక్కల మీద నల్లని వంకర గీతలు కలిగి ఉంటుంది, వాలినప్పుడు తల వైపు భాగాన్ని కాస్త పైకెత్తి కూర్చుంటుంది. కాడ్రా కాటెల్లా అనేది దీనికి దగ్గరి బంధువు, ఎండు పళ్లను, బాదం వంటి గింజలను ఇష్టపడుతుంది. వేడి ప్రాంతాలలో బియ్యం, చిరుధాన్యాలు, నూనెగింజలను పట్టే కొర్సైరా సెఫలోనికా వీటికంటే కొంచెం పెద్దది, ప్రత్యేకమైన మచ్చలేవీ లేని బూడిద గోధుమ రంగు పురుగు. వడ్ల చిలుకగా పిలిచే సైటోట్రోగా సెరియలెల్లా ఎండుగడ్డి రంగులో ఉంటుంది. దాని పద్ధతి పూర్తిగా వేరు: పిల్ల పురుగు చెక్కుచెదరని గింజలోకి దూరి లోపలే పెరిగి, చివరకు రెక్కల పురుగుగా గుండ్రని రంధ్రం చేసుకుని బయటపడుతుంది. అందువల్ల గింజకు రంధ్రం పడేదాకా లోపల ఏముందో తెలియదు.

ఏ జాతి అయినా ఇంటివారు చేయవలసిన పని దాదాపు ఒకటే. జాతి తేడా ముఖ్యమయ్యేది ఎర బుట్టల విషయంలో మాత్రమే, దానిని తర్వాత వివరించాము.

రెక్కల పురుగు కనిపించకపోయినా సరుకు పాడైందని తెలిపే గుర్తులు ఏమిటి?

అన్నిటికంటే నమ్మదగిన గుర్తు పట్టుదారం. గింజ లోపలే పెరిగే వడ్ల చిలుక తప్ప, ఈ జాతుల పిల్ల పురుగులు పాకిన చోటల్లా సన్నని దారం వదులుతూ పోతాయి. పిండి డబ్బా మూత తీయగానే మూతకూ పిండికీ మధ్య బూజులాంటి తెర సాగినా, గింజలు నాలుగైదు చొప్పున ఒకదానికొకటి అతుక్కుని గడ్డలుగా పైకి వచ్చినా, డబ్బా లోపలి గోడను పట్టుకుని పిండి పల్చటి పొరలా వేలాడుతున్నా అందులో పురుగు ఉన్నట్టే, లేదా కొద్ది రోజుల క్రితం వరకు ఉన్నట్టే. ఆ గడ్డను వేళ్లతో విప్పితే లోపల పసుపు లేదా లేత గులాబీ ఛాయ కలిసిన తెల్లటి పురుగు కనిపిస్తుంది. పూర్తిగా పెరిగినది సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, తల మాత్రం గోధుమ రంగులో ఉంటుంది. దారంలో చిక్కుకున్న సన్నని నలుసులు దాని విసర్జన, విడిచిన చర్మాల ముక్కలు.

తేమ వల్ల కట్టిన గడ్డలనూ వీటినీ కొందరు పొరబడతారు. తేమ గడ్డను నలిపితే పొడిగా విడిపోతుంది. పురుగు కట్టిన గడ్డను విడదీస్తే మధ్యలో దారాలు సాగుతాయి.

ముక్కు పురుగులు, పెంకు పురుగులు కూడా ఇవేనా?

కావు. ముక్కు పురుగు, ఎర్ర పిండి పురుగు వంటివి గట్టి పెంకు ఉన్న పురుగులు. అవి పెద్దయ్యాక కూడా సరుకులోనే పాకుతూ తింటూ ఉంటాయి, పట్టుదారంతో గూళ్లు కట్టవు. రెక్కల పురుగుల వ్యవహారం అందుకు భిన్నం: తినేది పిల్ల పురుగు మాత్రమే, పెద్దది ఆహారం ముట్టదు. అయినా కింద చెప్పిన శీతల చికిత్స, వేడి చికిత్స, బిగుతైన డబ్బాలు ఈ రెండు రకాలకూ పనికివస్తాయి.

మా వంటిల్లు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి?

చాలావరకు కొన్న సరుకుతోనే వస్తాయి. గింజలు నిల్వ చేసే గిడ్డంగిలోనో, మరలోనో, రవాణాలోనో, దుకాణపు అరలోనో గుడ్లు పడి ఉండవచ్చు. గుడ్డు అర మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి కొనేటప్పుడు కంటికి కనిపించదు. దీనిని ఇంటివారి శుభ్రతకు తీర్పుగా చూడటం అన్యాయం. శుభ్రత వల్ల ఒరిగే మేలు వేరు: అరల్లో ఒలికిన పిండి, మూలల్లో మిగిలిన నూకలు లేకపోతే వచ్చిన పురుగు వ్యాపించడానికి అవకాశం తగ్గుతుంది.

ఒకసారి ఇంట్లోకి వచ్చాక ఆడ పురుగు ఇతర సరుకులను వెతుక్కుంటూ పోతుంది. ఒక్కొక్క ఆడ పురుగు తన కొద్దిపాటి జీవితకాలంలో 60 నుంచి 400 దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి అప్పుడే వెలువడిన పిల్ల పురుగు ఎంత చిన్నదంటే, బిగించామనుకున్న మూత మరల సందులోంచి, పాకెట్ అతుకులోని సూది బెజ్జమంత ఖాళీలోంచి లోపలికి దూరగలదు. కాస్త పెరిగిన పురుగు పలుచని ప్లాస్టిక్ సంచిని, కాగితాన్ని, సన్న అట్టను కొరికి దారి చేసుకోగలదు. కాబట్టి సీలు తీయని పాకెట్ గనుక సురక్షితమని అనుకోవడానికి వీల్లేదు.

కనిపించినవాటిని ఎప్పటికప్పుడు చంపుతూనే ఉన్నాం. అయినా ఎందుకు తగ్గడం లేదు?

ఎగిరే పురుగు ఈ కథలో చివరి అంకం. దానికి మిగిలిన పని జతకట్టడం, గుడ్లు పెట్టడం మాత్రమే. కొన్ని రోజుల నుంచి మూడు నాలుగు వారాల లోపు అది తనంతట తానే చనిపోతుంది. మీ కంటబడే సమయానికి చాలా ఆడ పురుగులు గుడ్లు పెట్టేసి ఉంటాయి. అసలు నష్టం కలిగించే పిల్ల పురుగులు మాత్రం డబ్బాల్లో, పాకెట్లలో ఉండి కనబడవు.

ఉష్ణోగ్రతను బట్టి వీటి వేగం మారుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ప్లోడియా గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా సుమారు నాలుగు వారాల్లో పూర్తి చేస్తుంది. 20 డిగ్రీల దగ్గర అదే ప్రయాణానికి రెండు నెలలు లేదా అంతకు మించి పడుతుంది. చలి పెరిగితే పూర్తిగా ఎదిగిన పిల్ల పురుగు గూడు కట్టుకుని, ఎదుగుదల ఆపేసి, నెలల తరబడి అలాగే ఉండిపోగలదు. చలికాలమంతా ఏమీ కనిపించక, వేడి మొదలవగానే ఒక్కసారిగా పురుగులు లేచిన ఇళ్లలో చాలావాటి సంగతి ఇదే. కొత్తగా వచ్చి చేరినట్టు అనిపించినా అవి అక్కడే ఉన్నవి.

వంటింటి పైకప్పు మూలల్లో తెల్లటి పురుగులు పాకుతున్నాయి. అక్కడ తిండి ఏమీ లేదు కదా?

తిండి కోసం కాదు, గూడు కట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ వచ్చాయి. ప్లోడియా పిల్ల పురుగు పూర్తిగా ఎదిగాక తిన్న చోటును వదిలి, తరచుగా పైపైకి పాకి, ఎక్కడైనా ఒక ఇరుకు దొరికేదాకా తిరుగుతుంది. గోడ పైకప్పును కలిసే మూల, అలమర తలుపు బందుల వెనుక, అర బల్లను నిలబెట్టే మేకుల కన్నాలు, గోడకు తగిలించిన పటాల వెనుక భాగం, తెర మడతలు, మూత లోపలి అంచు దానికి నచ్చే చోట్లు. అక్కడ పట్టుదారంతో చిన్న తెల్లటి గూడు అల్లుకుని ప్యూపాగా, అంటే రెక్కల పురుగు కావడానికి ముందు కదలకుండా ఉండే దశగా, మారుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. గూళ్లు ఎక్కువగా ఉన్న చోటు పురుగు పుట్టిన చోటు కాకపోవచ్చు, అది పక్క అలమరలోనో, కొన్నిసార్లు పక్క గదిలోనో ఉండవచ్చు. పైకప్పు మీది పురుగులను, గూళ్లను తుడిచేయండి, కానీ అంతటితో పని అయిపోయిందనుకోకండి.

ఏ సరుకులో పుట్టాయో ఎలా కనిపెట్టాలి?

ఓపికగా, ఏదీ వదలకుండా. ఈ పనిని సగంలో ఆపినందువల్లే చాలామందికి సమస్య మళ్లీ మళ్లీ వస్తుంది.

అలమర మొత్తం ఖాళీ చేసి, ఒక్కొక్కదానినీ వెలుతురులో పరీక్షించాలి. పారదర్శకమైన సీసాను చేత్తో వంచి, లోపలి గింజలు జారుతున్నప్పుడు గోడకు ఏదైనా అంటుకుని ఉందేమో చూడండి. కనిపించని డబ్బాలోని సరుకును తెల్లటి పళ్లెంలోనో పెద్ద తెల్ల కాగితం మీదనో పల్చగా పోసి అయిదు నిమిషాలు కదపకుండా ఉంచండి. పురుగు ఉంటే అది కదలడం మొదలుపెడుతుంది. పిండిని జల్లెడ పడితే దారంతో కట్టిన గడ్డలు, పురుగులు పైన మిగులుతాయి, గుడ్లు మాత్రం పిండితో పాటే కిందికి పోతాయి కాబట్టి జల్లించిన పిండి శుభ్రమైనదని భావించకూడదు. పాకెట్లను వెలుతురుకు అడ్డంగా పట్టి సన్నని రంధ్రాల కోసం చూడండి. అతుకు మడతను విప్పి చూడటం మరవకండి, గూళ్లు తరచుగా అక్కడే దాక్కుంటాయి.

పిండి, బియ్యం డబ్బాలను అందరూ చూస్తారు. దొరకనిదల్లా ఎప్పుడో కొని మరచిపోయిన వస్తువు. సగం వాడి క్లిప్పు పెట్టి వెనక్కి నెట్టిన ఓట్స్, పండగకు తెచ్చి మిగిలిపోయిన ఎండు ద్రాక్ష, డబ్బాలోనే ఉండిపోయిన గింజలు కలిపిన చాక్లెట్, ఎండు మిరప, ధనియాలు, పాలపొడి, మొక్కజొన్న గింజలు, కుక్కకో పిల్లికో పెట్టే పొడి ఆహారం, పెంపుడు పక్షుల కోసం తెచ్చిన గింజల సంచి, ఇవన్నీ పురుగుకు సమానంగా నచ్చుతాయి. నా అంచనాలో, అలమర మొత్తం వెతికినా దొరకని మూలం పెంపుడు జంతువుల ఆహారపు సంచిలోనో పక్షి గింజల్లోనో బయటపడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అవి సాధారణంగా వంటింటికి దూరంగా, పెద్ద సంచుల్లో, సరైన మూత లేకుండా ఉంటాయి. ఆహారం కాని వస్తువులు కూడా ఉన్నాయి: అలంకరణకు పెట్టిన ఎండు పూలు, ధాన్యపు కంకులు, గింజలతో చేసిన దండలు, గింజలు నింపి వేడిచేసి కాపడానికి వాడే సంచులు. పొయ్యి కింద, ఫ్రిజ్ వెనుక ఒలికి పేరుకుపోయిన నూకలు కూడా కొద్దిపాటి పురుగులను పోషించగలవు.

ఒక డబ్బాలో దొరకగానే ఆపకండి. మొదట దొరికింది తరచుగా రెండో తరం చేరిన చోటు అవుతుంది. అన్నిటికంటే ఎక్కువ దారం, ఎక్కువ పాత గూళ్లు, ఎక్కువ పొడి ఉన్నదే మొదటి చోటు.

దొరికిన సరుకంతా పారేయాలా?

పురుగు, దారం కంటికి కనిపిస్తున్న సరుకును పారేయమనే చెబుతాము. అందులో విసర్జన, చర్మాలు కలిసిపోయి ఉంటాయి, వాసన రుచి కూడా మారి ఉంటాయి, వాటిని ఏరి తీయడం సాధ్యం కాదు. దాని పక్కనే ఉండి, శుభ్రంగా కనిపిస్తున్నా అనుమానం ఉన్న సరుకులను మాత్రం కాపాడుకోవచ్చు.

అందుకు తేలికైన మార్గం డీప్ ఫ్రీజర్. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక వారం ఉంచితే గుడ్డుతో సహా అన్ని దశలూ చనిపోతాయి. నాలుగు రోజులు చాలని చెప్పేవారూ ఉన్నారు, అయితే ఆ లెక్క సరుకు మధ్య భాగం కూడా పూర్తిగా చల్లబడినప్పటి నుంచి వేయాలి. పెద్ద పిండి మూట మధ్యదాకా చలి చేరడానికి చాలా సమయం పడుతుంది, కాబట్టి చిన్న పాకెట్లుగా విడదీసి పెట్టడం మేలు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత విప్పకండి, లేకపోతే గాలిలోని తేమ చల్లని గింజల మీద నీరుగా చేరి బూజు పట్టడానికి కారణమవుతుంది. ఫ్రిజ్‌లోని మామూలు అర పురుగు ఎదుగుదలను ఆపుతుందే తప్ప, కొద్ది రోజుల్లో చంపుతుందని నమ్మడానికి లేదు.

రెండో మార్గం వేడి. గింజలను వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరచి, 60 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఒక గంట ఉంచితే సరిపోతుంది. ఎండు పళ్లు, నూనె ఎక్కువ ఉన్న గింజలు వేడికి రుచి కోల్పోతాయి కాబట్టి వాటికి చలే మంచిది. విత్తడానికి దాచిన గింజలను వేడి చేయకూడదు, మొలకెత్తే శక్తి పోవచ్చు. మైక్రోవేవ్ ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా వేడి చేస్తుంది, అందువల్ల దాని మీద ఆధారపడవద్దు.

పారేసే సరుకును గట్టి సంచిలో వేసి ముడివేసి, అదే రోజు ఇంటి బయటి చెత్తకుండీకి చేర్చండి. వంటింటి చెత్తబుట్టలో ఒక రాత్రి ఉన్నా పురుగులు పాకి మళ్లీ గోడలెక్కుతాయి.

అలమరను ఎలా శుభ్రం చేయాలి?

అరలపై పరచిన కాగితాలన్నీ తీసి పారేయండి. తర్వాత వాక్యూమ్ క్లీనర్ సన్న మూతితో మూలలు, బల్లల సందులు, మేకుల కన్నాలు, తలుపు బందులు, అలమరకు గోడకు మధ్య ఖాళీ, వీటన్నిటిలోని దుమ్మును లాగేయండి. లాగడం పూర్తయిన వెంటనే క్లీనర్ సంచిని లేదా డబ్బాలోని చెత్తను మూటకట్టి బయట పారేయాలి, లేకపోతే దానిలోనే పురుగులు పెరుగుతాయి. ఆ తర్వాత సబ్బు కలిపిన వేడి నీటితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. వినిగర్‌కు, ఘాటైన శుద్ధి ద్రావణాలకు ఇక్కడ ప్రత్యేకమైన శక్తి ఏదీ లేదు. పని చేసేది పీల్చడం, రుద్దడం, నూకలు లేకుండా చేయడం.

ఖాళీ డబ్బాలను, ముఖ్యంగా మూతల లోపలి మరలను, రబ్బరు వాషర్లను విడదీసి వేడి నీటితో కడగండి. వాషర్ కింది గాడిలో ఒకే ఒక గూడు మిగిలినా చాలు.

పురుగుమందు చల్లవచ్చా?

ఆహారం ఉండే అరల్లో చల్లవద్దని మా అభిప్రాయం. చల్లిన మందు పాకెట్ లోపలున్న పిల్ల పురుగును చేరదు, బయట ఉన్న కొన్ని రెక్కల పురుగులను చంపుతుంది, దాని అవశేషం మాత్రం మీ గిన్నెల దగ్గర ఉంటుంది. మూలం తీసేశాక మందు అవసరమే సాధారణంగా పడదు.

నాఫ్తలీన్ గోలీలను ఆహారం దగ్గర పెట్టడం ప్రమాదకరం. వాటి ఆవిరి సరుకులలోకి చేరుతుంది, పిల్లలు వాటిని మిఠాయి అనుకుని మింగే ప్రమాదం కూడా ఉంది. అంతకంటే చాలా పెద్ద ప్రమాదం అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. ఇవి గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుదల చేస్తాయి. గిడ్డంగుల్లో శిక్షణ పొందినవారు, అందరినీ ఖాళీ చేయించి, గాలి చొరకుండా మూసి వాడవలసిన ఈ మాత్రలను ఇంట్లోని ధాన్యపు డబ్బాల్లో వేయడం వల్ల ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. మనుషులు నిద్రించే ఏ కట్టడంలోనూ వీటిని సొంతంగా వాడకూడదు. ఈ విషయంలో మినహాయింపు లేదు.

లింగాకర్షక బుట్టలు పెడితే సమస్య తీరుతుందా?

బుట్ట సమస్యను చూపిస్తుంది, తీర్చదు. ఆడ పురుగు మగ పురుగును పిలవడానికి వదిలే వాసనను కృత్రిమంగా తయారుచేసి, జిగురు అట్ట మధ్యలో ఎరగా పెడతారు. మగ పురుగులు వచ్చి అతుక్కుంటాయి. ఆడవి రావు, పిల్ల పురుగులు అసలే రావు. మగ పురుగులు తగ్గితే కొన్ని ఆడ పురుగులు జతకట్టలేకపోవచ్చు గాని, తప్పించుకున్న కొద్ది మగ పురుగులు కూడా ఎన్నో ఆడ పురుగులతో జతకట్టగలవు కాబట్టి బుట్టలతోనే నిర్మూలించడం కష్టం.

అయినా ఇది పనికిరానిదేమీ కాదు. శుభ్రం చేశాక మూలం నిజంగా పోయిందో లేదో చెప్పగల పరికరం ఇదొక్కటే. రెండు మూడు గదుల్లో ఒక్కొక్కటి చొప్పున పెట్టి, వారానికొకసారి పడిన పురుగులను లెక్కపెట్టి, అట్ట మీదే తేదీ వేసి రాయండి. ఏ గదిలో ఎక్కువ పడుతున్నాయో చూస్తే వెతకవలసిన దిక్కు తెలుస్తుంది. తెరిచిన కిటికీ పక్కన పెట్టకండి, బయట తిరిగే పురుగులను మీరే లోపలికి పిలిచినట్టవుతుంది. ఎర బిళ్లను చేత్తో పట్టుకుంటే ఆ వాసన చేతులకు, ఆ చేతులు తాకినవాటికి అంటుతుంది కాబట్టి వెంటనే చేతులు కడుక్కోండి. ఎర శక్తి రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది, పెట్టె మీద రాసిన గడువు ప్రకారం మార్చండి.

ఇక ముందు ప్రస్తావించిన జాతి తేడా. దుకాణాల్లో దొరికే సాధారణ ఎర ప్లోడియాకు, ఎఫెస్టియాకు, కాడ్రాకు పనిచేస్తుంది, ఎందుకంటే ఈ మూడింటి పిలుపులో ప్రధాన రసాయనం ఒకటే. కొర్సైరా, వడ్ల చిలుక దానికి రావు. కళ్లముందు పురుగులు ఎగురుతున్నా బుట్ట ఖాళీగా ఉంటే బుట్ట నాసిరకమని తీర్మానించే ముందు, ఎగురుతున్నది ఏ జాతో చూడండి.

బిర్యానీ ఆకు, లవంగాలు వేస్తే రాకుండా ఉంటాయా?

వీటి నుంచి తీసిన గాఢమైన నూనెలు మూసిన పాత్రల్లో చేసిన ప్రయోగాల్లో పురుగులను కొంత దూరంగా ఉంచిన మాట నిజమే. డబ్బాలో వేసిన రెండు ఆకుల నుంచి అంత ఆవిరి రాదు, ఆ ఆకు పక్కనే పురుగు గూడు కట్టుకున్న సందర్భాలు కూడా కనిపిస్తుంటాయి. వేయడం వల్ల నష్టం లేదు, వేశామన్న ధీమాతో డబ్బా మూత సరిగా పెట్టకపోవడంలో నష్టం ఉంది.

తెలియక పురుగు పట్టిన పిండి తిన్నాము. ఏమైనా అవుతుందా?

ఈ పురుగులు కుట్టవు, కరవవు, మనుషులకు రోగాలు మోసుకొస్తాయని కూడా తెలియదు. ఒకటి రెండు పురుగులు వంటలో పడి తినేసినా సాధారణంగా ఏ హానీ కలగదు. అసహ్యం వేరు, ప్రమాదం వేరు. అయితే పురుగుల చర్మాలు, పొలుసులు కొందరికి ఎలర్జీ కలిగించవచ్చు. దద్దుర్లు, ఆయాసం వంటివి కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి. బూజు వాసన వస్తున్న సరుకు సంగతి వేరు: దానిలో పురుగు ఉన్నా లేకున్నా తినకూడదు.

మళ్లీ రాకుండా సరుకులను ఎలా నిల్వ చేయాలి?

డబ్బా ఎంపికలో చూడవలసింది దాని గోడ కంటే మూత. గాజు, లోహం, మందమైన గట్టి ప్లాస్టిక్ మూడూ పురుగు కొరకలేనివే. తేడా అంతా మూత బిగుతులో ఉంటుంది. లోపల రబ్బరు వాషర్ ఉండి, కొక్కెంతో నొక్కిపెట్టే మూత అన్నిటికంటే నమ్మదగినది. మామూలు మర మూత చాలావరకు పర్వాలేదు గాని, అప్పుడే పుట్టిన పిల్ల పురుగు ఆ మరల వెంబడి పాకి లోపలికి చేరగలదు. పాకెట్‌ను మడిచి పెట్టే క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు సరుకు ఒలకకుండా కాపాడతాయి, పురుగును ఆపవు.

బిగుతైన డబ్బా రెండు వైపులా పనిచేస్తుందన్నది గుర్తించవలసిన సంగతి. బయటి పురుగును లోపలికి రానివ్వదు. కొత్త సరుకుతో గుడ్లు వచ్చి ఉంటే, పుట్టిన పురుగులను బయటికి పోనివ్వదు, నష్టం ఆ ఒక్క డబ్బాతో ఆగిపోతుంది.

కొత్త సరుకును పాత సరుకు మీద పోయకండి. పాతది పూర్తిగా అయ్యాక డబ్బా కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, అప్పుడు కొత్తది పోయండి. అడుగున ఎప్పుడూ ఒక గుప్పెడు పాత పిండి మిగిలి ఉండే డబ్బా పురుగుకు తరతరాల స్థిర నివాసం. కొన్న తేదీని చిన్న కాగితం మీద రాసి డబ్బాకు అంటించడం, నెల రెండు నెలల్లో అయిపోయేంత మాత్రమే కొనడం మంచిది. పెద్ద మొత్తంలో కొంటే తక్కువకు వస్తుందన్న లెక్క, సగం పారేయవలసి వచ్చినప్పుడు తలకిందులవుతుంది. ఫ్రీజర్‌లో చోటున్నవారు ఎండు పళ్లు, బాదం వంటి గింజలు, అరుదుగా వాడే పిండ్లను కొన్న వెంటనే ఒక వారం అందులో ఉంచి, తర్వాత డబ్బాలకు మార్చుకోవచ్చు. అన్ని సరుకులకూ ఇలా చేయడం శ్రమతో కూడుకున్న పని, ఒకసారి పురుగు పట్టిన ఇంట్లో కొన్ని నెలల పాటైనా చేయదగిన పని.

మందులు లేకుండా, పురుగులను తినే పురుగులతో అరికట్టవచ్చని విన్నాము. నిజమేనా?

నిజమే. ట్రైకోగ్రామా అనే కందిరీగ జాతి పరాన్నజీవి అర మిల్లీమీటరు కంటే చిన్నది. అది రెక్కల పురుగుల గుడ్లను వెతికి, వాటిలో తన గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి పురుగు బదులు మరో ట్రైకోగ్రామా బయటికి వస్తుంది. కొన్ని దేశాల్లో వీటిని చిన్న కార్డుల మీద అంటించి ఇళ్లలో వాడుకోవడానికి అమ్ముతారు. మనుషులను కుట్టవు, పురుగు గుడ్లు అయిపోగానే అవి కూడా చనిపోతాయి. హాబ్రోబ్రాకాన్ హెబెటర్ అనే మరో జాతి పిల్ల పురుగుల మీద దాడి చేస్తుంది, దానిని ఎక్కువగా గిడ్డంగుల్లో, మరల్లో వాడతారు. ఇంట్లో వాడినా కార్డులను వారాల తేడాతో కొన్ని విడతలుగా మార్చాలి, మూలం తీసేయడం ఎలాగూ తప్పదు.

ఈ సందర్భంలో ఒక చిన్న విషయం. పురుగులను చంపడానికి పంటల మీద ప్రపంచమంతటా వాడే బీటీ అనే సూక్ష్మజీవిని జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ బెర్లినర్ 1911లో పిండి పురుగులలోనే గుర్తించి వివరించాడు. థురింజియా ప్రాంతం పేరు మీద దానికి బాసిల్లస్ థురింజియెన్సిస్ అన్న పేరు వచ్చింది. ఆ బీటీకి కూడా తట్టుకునే శక్తిని ప్లోడియా సంపాదించుకోగలదని 1985లో ప్రయోగాల ద్వారా తేలింది. ఏదో ఒక్క ఆయుధంతో దీనిని ముగించవచ్చనుకునేవారికి ఇది తెలిసి ఉండటం మంచిది.

ఇవే బట్టలను కూడా కొరుకుతాయా?

కొరకవు. ఉన్ని, పట్టు బట్టలకు రంధ్రాలు చేసేది టినియోలా బిస్సెలియెల్లా అనే వేరే జాతి. అది బంగారు ఛాయలో ఉంటుంది, వెలుతురుకు దూరంగా బట్టల మధ్యలోనే దాక్కుంటుంది. వంటింట్లో ఎగురుతున్నవాటికి భయపడి బట్టల పెట్టెలన్నీ ఖాళీ చేయనక్కరలేదు.

అన్నీ చేశాము. పూర్తిగా పోయాయని ఎప్పుడు అనుకోవచ్చు?

మూలం తీసేసిన తర్వాత కూడా రెండు మూడు వారాల పాటు అక్కడక్కడా రెక్కల పురుగులు కనిపిస్తాయి. అవి శుభ్రం చేయకముందే గూళ్లు కట్టుకుని ఉన్నవి, వాటిని చూసి పని విఫలమైందని కంగారుపడకండి. వారం వారం సంఖ్య తగ్గుతూ ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. నాలుగు వారాలు దాటాక కూడా తగ్గకపోయినా, తగ్గి మళ్లీ పెరిగినా, చూడని పాకెట్ ఎక్కడో మిగిలి ఉంది. అలాంటప్పుడు వంటింటి అలమరను మళ్లీ వెతికే ముందు, మొదటిసారి మీరు చూడని గదులతో మొదలుపెట్టండి.

వేడి కాలంలో బుట్టలో రెండు నెలల పాటు ఒక్క పురుగు కూడా పడకపోతే ఒక పూర్తి తరం గడిచిపోయిందని, పీడ విరగడైందని అనుకోవచ్చు. చలి కాలంలో ఈ లెక్క చెల్లదు, నిద్రాణంగా ఉన్న పురుగులు బయటపడేది వేడి మొదలయ్యాకే కాబట్టి అప్పటిదాకా బుట్టను తీయకండి. ఏళ్ల తరబడి తగ్గక, గోడల మధ్య ఖాళీల్లోనో, పక్క ఇంటితో కలిసిన సందుల్లోనో మూలం ఉందని అనుమానం వస్తే, పురుగుల నివారణలో అనుభవమున్న నిపుణుని పిలిపించి, మందు చల్లమని కాకుండా ముందు మూలం వెతకమని అడగండి.